తొలి అయిదేండ్లు – బిడ్డ ఎదుగుదలకు అదను



వరి పొట్ట దశలో ఉండగా మడి ఎండినచో, తరువాత ఎంత నీరు పెట్టినను తాలు తప్పదు. ప్రతి పైరుకు ఒక అదను కలదని మీకు ఎవరును చెప్పనక్కరలేదు. బిడ్డ ఎదుగుదలకు కూడ అట్టి అదను కలదు. తల్లి కడుపున పడినది మొదలు అయిదేండ్లు నిండువరకు గల కాలమే అది. అందును మొదటి రెండు మూడేండ్లు మిక్కిలి ముఖ్యము. పైరునకును బిడ్డకును ఒక భేదము మాత్రము కలదు. అదను తప్పిన పైరు ఆ యేటికి పోయినట్లే. బిడ్డ విషయములో ఆలస్యముగ మొదలు పెట్టినను కొంత మేలు కలుగును. ముందుగ మొదలు పెట్టినచో శ్రమ తక్కువ, ఫలము ఎక్కువ.

బిడ్డకు ఏమి కావలెనని అడిగినచో, పాలు, బువ్వ, మందులు అని మనము చెప్పుదుము. ఇవి కావలసినవే. కాని బుద్ధియు మాటయు పెరుగుటకు మరియొకటి కావలెను. బిడ్డ చూచినప్పుడు తిరిగి చూచి, బిడ్డ పలికినప్పుడు బదులు పలుకు మనిషి కావలెను. దీనికి పైసా ఖర్చు లేదు. అయినను మన ప్రాంతములో బిడ్డలకు కొరవడుచున్నది ఇదియే.

మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో అనేక ఇండ్ల మగవారు దుబాయి, మస్కట్, సౌదీలలో పనిచేయుచున్నారు. తల్లులు పగలు పొలము పనికి పోవుదురు, మిగిలిన వేళ బీడీలు చుట్టుదురు. బిడ్డ అవ్వ దగ్గర పెరుగును. ఒక్కొక్కప్పుడు సెల్‌ఫోను ముందర పెరుగును. ఈ పాఠము అట్టి కుటుంబములను దృష్టిలో పెట్టుకొని వ్రాయబడినది. పని మానుకొనుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. పని చేసికొనుచునే బిడ్డకు ఏమి చేయవచ్చునో తెలుపుటయే మా ఉద్దేశము.

1. శరీరము ఎదుగుట

పుట్టిన బిడ్డ బరువు 2.5 కిలోలకు తగ్గకుండుట మంచిది. ఆ బరువు అయిదారు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు కావలెను. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు ఉండు పొడవు ఏడాదికి 75 సెంటీమీటర్ల వరకు పెరుగును. తల చుట్టుకొలత 34 సెంటీమీటర్ల నుండి ఏడాదికి 45 సెంటీమీటర్లకు చేరును. తల ఇంత వేగముగ పెరుగుట లోపల మెదడు పెరుగుచున్నదనుటకు గుర్తు. తరువాతి వయస్సులలో ఇంత వేగము మరల రాదు.

బిడ్డ మూడు నాలుగు నెలలకు మెడ నిలుపును. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము, ఘానా, నార్వే, అమెరికా, ఒమాన్ దేశముల బిడ్డలను పరిశీలించి 2006లో కొన్ని కొలతలు ప్రకటించెను. ఒమాన్ అనగా మనవారు మస్కట్ అని పిలుచు దేశమే. ఆ కొలతల ప్రకారము బిడ్డ ఆసరా లేక కూర్చుండుట 4 నుండి 9 నెలలలోపు, ఆసరా లేక నడచుట 8 నుండి 18 నెలలలోపు జరుగును. కావున పక్కింటి బిడ్డ పదవ నెలలో నడచెనని, మన బిడ్డ పదునాలుగవ నెలలో నడచెనని దిగులు పడనక్కరలేదు. ఒకే మడిలో నాటిన నారు కూడ ఒకేరోజు ఈనదు.

తిండి విషయములో ముఖ్యమైనవి ఇవి. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టవలెను. జున్నుపాలు త్రాగని దూడ రోగముల పాలగునని ఎరిగిన రైతు, తన బిడ్డకు రావలసిన ముర్రుపాలను పిండి పారబోయుట తగదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడ అవసరము లేదు. ఆరు నెలలు నిండిన పిదప మెత్తని బువ్వ, పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు కొద్దికొద్దిగ అలవాటు చేయుచు, రెండేండ్ల వరకు తల్లిపాలు కొనసాగించవలెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇంట చేసికొనదగిన ఒక పిండిని రూపొందించెను. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేయించిన పల్లీలు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు చేర్చి పొడి చేయవలెను. దీనినుండి సుమారు 330 కాలరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు లభించును. పల్లీలను పొడి చేసియే పెట్టవలెను. పల్లీ గింజ చిన్నబిడ్డ గొంతులో అడ్డుపడినచో ప్రాణాపాయము.

ఆరు నెలలు దాటిన బిడ్డకు ఆశా కార్యకర్త ఇచ్చు ఇనుము చుక్కల మందు వారమునకు రెండుసార్లు వేయవలెను. రక్తహీనత గల బిడ్డ ఆటయందు ఆసక్తి చూపదు. ఆడని బిడ్డ నేర్చుకొనునది తక్కువ.

2. బుద్ధి ఎదుగుట

బిడ్డ వస్తువును నోట పెట్టుకొనుట, విసరుట, మరల అడుగుట అల్లరి కాదు. అది పరీక్ష చేయుట. గిన్నె పడినచో చప్పుడగునా, బంతి దొర్లునా, తల్లి మరల తెచ్చి ఇచ్చునా అని బిడ్డ తెలిసికొనుచుండును.

ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డ ఎదుట ఒక గరిటె నుంచి దానిపై గుడ్డ కప్పి చూడండి. అంతకు ముందు గరిటె కనబడకున్న లేనట్లే. ఇప్పుడు గుడ్డ లాగి వెదకును. కనబడని వస్తువు కూడ ఉండునని తెలియుట బుద్ధిలో పెద్ద మెట్టు. మన అవ్వలు కొంగు చాటున ముఖము దాచి ఆడించు దాగుడుమూత ఈ పాఠమునే నేర్పును.

ఏడాది దాటిన బిడ్డకు మూతలు, గిన్నెలు, గుడ్డ బంతి చాలును. రెండేండ్ల బిడ్డ ఎండిన మక్కకంకి బెండ్లను ఒక గంపలో నింపి, మరల పోయును. మూడేండ్ల బిడ్డ పెద్ద ఉల్లిగడ్డలను ఒకవైపు, చిన్నవానిని ఒకవైపు వేరు చేయగలదు. నాలుగేండ్ల బిడ్డ ప్రతిదానికి ఎందుకని అడుగును. విసుగుకొనక ఒక్క మాటలోనైనను బదులు చెప్పవలెను. బదులు రాదని తెలిసిన బిడ్డ అడుగుట మానుకొనును.

3. మాట నేర్చుట

బిడ్డ రెండు నెలలకు నవ్వుకు నవ్వు ఇచ్చును. ఆరేడు నెలలకు బబ, దద అని పలుకును. ఏడాదికి అటునిటుగా ఒకటి రెండు మాటలు వచ్చును. రెండేండ్లకు “అమ్మా పాలు” వలె రెండు మాటలు కలుపును. మూడేండ్లకు చిన్న వాక్యములతో తన సంగతి చెప్పును.

మాట విన్నంత మాత్రమున రాదు. బదులు దొరికినప్పుడే వచ్చును. బిడ్డ “బ” అన్నప్పుడు అవ్వ “అగో, బర్రె వచ్చింది! బర్రె ఏమంటది?” అని అడిగి కొంచెము ఆగవలెను. బిడ్డ ఏ ధ్వని చేసినను దానినే బదులుగా తీసికొని మరల పలుకవలెను. ఇట్లు మాటకు మాట ఇచ్చిపుచ్చుకొనుట వలన మెదడులో దారులు ఏర్పడును. నీరు పారినకొలది కాలువ నిలుచునట్లు, వాడినకొలది ఈ దారులు గట్టిపడును.

ఇందులకు వేరే తీరిక అవసరము లేదు. బియ్యము కడుగునప్పుడు, పాలు పితుకునప్పుడు, స్నానము చేయించునప్పుడు చేయుచున్న పనిని పలుకుచుండవలెను. బీడీలు చుట్టునప్పుడు కూడ మాట్లాడవచ్చును. కాని తంబాకు చాటను బిడ్డకు దూరముగ పెట్టవలెను. తంబాకు ధూళి తగులని చోట, మీ మాట వినబడునంత దూరమున బిడ్డను ఆడనియ్యవలెను. సబ్బుతో చేతులు కడుగక బిడ్డకు పాలు, బువ్వ ఇవ్వరాదు.

సెల్‌ఫోను బొమ్మ బిడ్డకు బదులు చెప్పదు. బిడ్డ నోరు మూసికొని చూచుచుండుట చేత పెద్దలకు పని జరుగును. బిడ్డకు మాత్రము మాటలాడు సమయము పోవును. రెండేండ్ల లోపు బిడ్డకు తెర వద్దనియు, నాలుగేండ్ల వరకు రోజునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించెను.

గల్ఫులో ఉన్న తండ్రి ఫోనులో కనబడి బిడ్డతో మాట్లాడుట మాత్రము వేరు విషయము. అక్కడ బదులు పలుకు మనిషి ఉన్నాడు. కావున తండ్రి పెద్దలతో డబ్బు సంగతులు ముగించి ఫోను పెట్టివేయక, అయిదు నిమిషములు బిడ్డకు కేటాయించవలెను. “ఈ రోజు ఏం తిన్నవు బిడ్డా? చూపెట్టు” అని అడిగి బదులు వచ్చువరకు ఆగవలెను.

4. నలుగురితో మెలగుట

ఎనిమిది నెలలు మొదలు బిడ్డ తనవారిని, పరాయివారిని వేరు చేసి గుర్తించును. కొత్తవారిని చూచి ఏడ్చును. ఇది పిరికితనము కాదు, ఎదుగుదల.

రెండేండ్లకు సెలవుపై వచ్చిన తండ్రిని చూచి బిడ్డ అవ్వ కొంగు చాటున దాగుట మన ఊళ్ళలో తరచుగ జరుగును. తండ్రి మనస్సు నొచ్చుకొనును. “నాయినను గుర్తుపట్టవా?” అని బిడ్డను బలవంతముగ చేతికి ఇచ్చుదురు. ఇట్లు చేయరాదు. తండ్రి మొదటి రెండు మూడు దినములు బిడ్డకు కొంత దూరమున నేలపై కూర్చుండి, బంతి దొర్లించి ఊరకుండవలెను. బిడ్డ తానే దగ్గరకు వచ్చును. తిరిగి పోవునప్పుడు బిడ్డ నిద్రించుచుండగా చాటుగ వెళ్ళరాదు. చెప్పి, చేయి ఊపి వెళ్ళవలెను. చెప్పి వెళ్ళినవాడు మరల వచ్చునని బిడ్డ నమ్మును.

రెండేండ్ల బిడ్డలు పక్కపక్కన కూర్చుండి ఎవరి ఆట వారు ఆడుదురు. నాలుగేండ్లకు కలిసి ఆడుట, వంతు పాటించుట నేర్తురు. మూడేండ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడికి పంపుట గుడ్డు కొరకు మాత్రమే కాదు, తోటి పిల్లల కొరకు. అంగన్‌వాడీలను నడుపు సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న దేశములో 33 చోట్ల మొదలై నేడు ప్రతి పల్లెకు చేరినది. బూచి వచ్చునని, పోలీసు పట్టుకొనునని భయపెట్టుట, కొట్టుట వలన బిడ్డ అణగును గాని నేర్వదు.

5. తిండియా, ఆటయా?

ఈ ప్రశ్నకు జమైకా దేశములో జరిగిన ఒక పరిశోధన సమాధానము ఇచ్చినది. 1986లో కింగ్‌స్టన్ పట్టణపు పేదవాడలలో వయస్సుకు తగిన పొడవు ఎదుగని 129 మంది బిడ్డలను తీసికొనిరి. వారి వయస్సు 9 నుండి 24 నెలలు. కొందరికి వారమునకు 1 కిలో పాలపొడి ఆహారము ఇచ్చిరి. కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమునకు ఒక గంట వెళ్ళి, ఇంట దొరకు వస్తువులతో చేసిన ఆటబొమ్మలతో బిడ్డను ఆడించుట తల్లికి నేర్పిరి. కొందరికి రెండును ఇచ్చిరి, కొందరికి రెండును ఇవ్వలేదు. ఇట్లు రెండేండ్లు జరిగెను.

రెండేండ్ల చివర ఆహారము పొందినవారును, ఆట పొందినవారును బాగుపడిరి. రెండును పొందినవారు అందరికంటె ముందుండిరి. ఇరువది యేండ్ల తరువాత ఆ బిడ్డలను మరల వెదకి చూచిరి. చిన్ననాట ఆటయు మాటయు పొందినవారి సంపాదన, పొందనివారి కంటె సగటున 25 శాతము ఎక్కువగా ఉండెను. ఈ ఫలితము 2014లో ప్రకటింపబడినది. వారమునకు ఒక గంటతో మొదలైన పని ఇంత దూరము నడిచినది.

6. ఎప్పుడు వైద్యునికి చూపవలెను?

ఈ క్రింది లక్షణములు కనబడినచో ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను.

(అ) మూడు నెలలు నిండినను నవ్వకుండుట, చప్పుడుకు కదలకుండుట.
(ఆ) అయిదు నెలలకు మెడ నిలుపకుండుట.
(ఇ) పది నెలలకు కూర్చుండకుండుట.
(ఈ) ఏడాదికి బబ, దద అని పలుకకుండుట, వేలితో చూపకుండుట.
(ఉ) ఏడాదిన్నర నిండినను నడువకుండుట, ఒక్క మాటయు రాకుండుట.
(ఊ) రెండేండ్లకు రెండు మాటలు కలుపకుండుట.
(ఋ) ఏ వయస్సులోనైనను వచ్చిన మాట, నడక మరల పోవుట.

“వాని నాయిన కూడ మూడేండ్లకు గాని మాట్లాడలేదు” అని పెద్దలు చెప్పుట వాడుక. అది నిజమే కావచ్చును. కాని చెవి వినబడని బిడ్డకు కూడ మాట రాదు. చెవి లోపము ముందుగ తెలిసినచో ఉపాయము కలదు. చూపించినందువలన నష్టము లేదు.

అంగన్‌వాడిలో నెలనెలా బరువు తూచి కార్డులో వ్రాయించవలెను. ఆరు నెలల నుండి అయిదేండ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గినచో తిండి చాలుట లేదని అర్థము. 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో అదేరోజు వైద్యునికి చూపవలెను.

7. పొలమున జాగ్రత్తలు

పసుపు త్రవ్వకము, ఉడుకబెట్టుట జరుగు దినములలో బిడ్డలకు ప్రమాదము హెచ్చు. ఉడుకు పాత్రలు, పాలిష్ పట్టు డ్రమ్ము, ట్రాక్టరు, గోడ లేని బావి వద్దకు బిడ్డను రానియ్యరాదు. పనివారిలో ఒకరికి వంతు వేసి పిల్లలను అప్పగించవలెను. ఆమెకు కూలి తగ్గింపరాదు. పురుగుమందు డబ్బాలలో నీరు, నూనె పోయరాదు. మందు చల్లినవారు స్నానము చేసి బట్టలు మార్చిన తరువాతనే బిడ్డను ఎత్తుకొనవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. బువ్వతోపాటు మాట పెట్టవలెను. ఒక్కొక్క బుక్కకు ఒక్కొక్క మాట.
2. అడిగి ఆగవలెను. బిడ్డ బదులుకు సమయము పట్టును.
3. బిడ్డను చూచుకొను అవ్వకు, తాతకు ఈ పాఠము చదివి వినిపించవలెను.
4. గల్ఫులో ఉన్నవారికి నాలుగవ భాగము ఫోనులో చదివి వినిపించవలెను.
5. నెలకొకసారి బరువు, మూడు నెలలకొకసారి ఆరవ భాగములోని లక్షణములు సరిచూచుకొనవలెను.