ప్రయాణానికి ముందు సంచీలో ఏముంది?

వేసవి సెలవులు రాగానే ఏలూరు రైల్వేస్టేషన్‌లో ఒక దృశ్యం కనబడుతుంది. ఒక్కో కుటుంబం చుట్టూ అరడజను సంచీలు, వాటి మీద నిద్రమత్తులో కూర్చున్న పిల్లలు. కైకలూరు, మండవల్లి వైపునుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చినవారు కొందరు. తర్వాతి స్టేషన్లలో, తాడేపల్లిగూడెంలో ఇంకొందరు ఎక్కుతారు. ఎక్కడికి అని అడిగితే చాలామంది విశాఖపట్నం అంటారు. బందరు, పేరుపాలెం దగ్గరే ఉన్నా, సముద్రం చూడాలంటే మన ప్రాంతంవారికి మొదట గుర్తొచ్చేది విశాఖే.

ఇలా విహారానికి వెళ్ళడం తప్పా అని కొందరు సందేహపడుతుంటారు. తప్పు కాదు. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసుకున్నారు. ఒకసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు (అబూదావూద్). భార్యాబిడ్డల మనసు సంతోషపెట్టడం కూడా పుణ్యకార్యమే. కాబట్టి ప్రశ్న వెళ్ళవచ్చా లేదా అన్నది కాదు. ఎలా వెళ్తున్నాం, ఏమి తీసుకెళ్తున్నాం, ఎవరి మీద భారం వేస్తున్నాం అన్నది ప్రశ్న.

బఖరా సూరాలోని 197వ ఆయతు మనలో చాలామందికి తెలుసు. ప్రయాణ సామగ్రి వెంట తీసుకెళ్ళమని, అన్నిటికన్నా మేలైన సామగ్రి దైవభీతి అని అందులో ఆజ్ఞాపించబడింది. అయితే దాని నేపథ్యం తెలిసినవారు తక్కువ. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దాన్ని వివరించారు (బుఖారీ). యమన్ వాసులు కొందరు హజ్‌కు ఏ సామగ్రీ లేకుండా వచ్చేవారు. మేము దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళం అని చెప్పుకునేవారు. తీరా మక్కా చేరాక ఇంటింటికీ వెళ్ళి అడుక్కునేవారు. ఆ సందర్భంలో ఈ ఆజ్ఞ అవతరించింది. అంటే చేతులూపుకుంటూ వెళ్ళి ఇతరుల అన్నం మీద ఆధారపడటం తవక్కుల్ అనిపించుకోదు. దైవభీతి అనే సామగ్రి గురించి ఉపన్యాసాల్లో ఎంతో వింటాం. అదే ఆయతులో అన్నం మూటకు కూడా చోటుందని మాత్రం మరచిపోతాం.

ప్రణాళిక ఎలా ఉండాలో చూడాలంటే హిజ్రత్ ప్రయాణాన్నే చూడండి. అంతకన్నా గొప్ప తవక్కుల్ ఎక్కడుంది? అయినా అందులో ఏ ఒక్క పనీ గాలికి వదిలెయ్యబడలేదు. హజ్రత్ అబూబకర్ (రజి) రెండు ఒంటెలను నాలుగు నెలలపాటు మేపి సిద్ధంగా ఉంచారు. దారి బాగా తెలిసిన ఒక మనిషిని కూలికి మాట్లాడుకున్నారు, అతను ముస్లిం కూడా కాదు. మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరికి ఒంటెలతో రావాలని అతనితో ఒప్పందం. హజ్రత్ అస్మా (రజి) ఆహారం మూట కట్టారు. కట్టడానికి తాడు దొరకలేదు. తన నడికట్టు చింపి దానితో మూతి బిగించారు. తమ దగ్గర దాచుకున్న జనుల సొమ్ము ఎవరిది వారికి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని మక్కాలోనే ఉంచి వెళ్ళారు మహాప్రవక్త (స).

ఇందులో నా మనసును పట్టుకున్న విషయం మరొకటి ఉంది. అబూబకర్ (రజి) ఒక ఒంటెను ప్రవక్త (స)కు ఇస్తానన్నప్పుడు, వెల చెల్లించే తీసుకుంటానని ఆయన అన్నారు (బుఖారీ). ఇస్తున్నది ప్రాణమిత్రుడు. ఇవ్వడం అతనికి సంతోషం. అయినా ప్రయాణ ఖర్చు అతని మీద పడనివ్వలేదు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా ఫుప్పీ గుర్తొస్తుంది. నా చిన్నతనంలో ఒక వేసవిలో ఏలూరు నుంచి ఆరుగురం ఆమె ఇంటికి విశాఖ వెళ్ళాం. వారిది రెండు గదుల అద్దె ఇల్లు. ఫూఫాగారిది చిన్న జీతం. మా సంచీల్లో ఒక్కొక్కరికి అయిదారు జతల బట్టలు, పౌడరు డబ్బాలు, పిల్లల ఆటవస్తువులు ఉన్నాయి. కిలో బియ్యం లేవు. తొమ్మిది రోజులున్నాం. రోజూ మాంసమో చేపో వండి పెట్టింది. "ఇంకో రెండు రోజులుండి వెళ్ళండి భాభీ, పిల్లలకు మళ్ళీ ఎప్పుడు కుదురుతుంది" అని అమ్మీని బ్రతిమాలింది కూడా. కొన్ని నెలల తర్వాత ఒక పెళ్ళిలో ఫుప్పీ చెవులకు కమ్మలు లేకపోవడం అమ్మీ గమనించింది. అడిగితే నవ్వి మాట మార్చేసింది. ఫూఫాగారి చెల్లెలి ద్వారా తర్వాత తెలిసింది, మేము ఉన్న రోజుల్లోనే అవి తాకట్టులోకి వెళ్ళాయని. అబ్బా డబ్బు పంపితే తిప్పి పంపేసింది. చివరికి రంజాన్ పండుగకు ఆమె కూతురికి ఈదీ అన్న పేరుతో ఇచ్చారు. ఆ కమ్మలు విడిపించుకుందో లేదో మాకు తెలియదు. ఆమె ఇప్పుడు లేరు.

అతిథి మర్యాద గురించి మనం చాలా హదీసులు చెప్పుకుంటాం. అవన్నీ ఆతిథ్యమిచ్చేవారి బాధ్యతలు. అతిథికి కూడా ఒక హదీసు ఉంది, దాన్ని అంతగా చెప్పుకోం. ప్రత్యేక మర్యాద ఒక పగలు, ఒక రాత్రి. ఆతిథ్యం మూడు రోజులు. ఆపై పెట్టేది దానం కిందికి వస్తుంది. ఇంటివారిని ఇబ్బందిలో పడవేసేదాకా వారి దగ్గర ఉండిపోవడం అతిథికి ధర్మసమ్మతం కాదు (బుఖారీ, ముస్లిం). ముస్లిం ఉల్లేఖనంలో ఇంకొంచెం వివరంగా ఉంది. పెట్టడానికి ఏమీ లేనివాని ఇంట్లో తిష్ఠ వేస్తే, అతన్ని పాపంలోకి నెట్టినట్లే అవుతుంది. అప్పు చెయ్యడం, మాట దాచడం, లోలోపల విసుక్కోవడం, వీటన్నిటికీ కారణం మనమే అవుతాం. "ఉండండి" అని వారు అనడం వారి మంచితనం. ఆ మాటను మనం అనుమతిపత్రంగా తీసుకోకూడదు.

కాబట్టి సంచీ సర్దేటప్పుడు మొదట తియ్యవలసింది బట్టలు. విశాఖలో ఎండ మన ఏలూరంత మాడ్చదు గానీ, గాలిలో తేమవల్ల ఒళ్ళంతా చెమట పడుతుంది. పలుచని నూలు బట్టలు మూడు జతలు ఉంటే, రోజుకొకటి ఉతుక్కుంటూ గడిచిపోతుంది. అరకు కూడా చూడాలనుకుంటే, ముఖ్యంగా చలికాలంలో, ఒక శాలువా అవసరం. అలా ఖాళీ అయిన చోట ఇంటివారికి పనికొచ్చేది పెట్టండి. డెల్టా ప్రాంతంవాళ్ళం, బియ్యానికి కొదవలేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు మార్కెట్టు ఉండనే ఉంది. ఒక చిన్న బస్తా ఉల్లిపాయలు, పది కిలోల బియ్యం, ఇంట్లో పట్టిన పచ్చడి ఒక సీసా తీసుకెళ్తే మిఠాయి పెట్టెకన్నా ఆ ఇల్లాలికి ఎక్కువ ఊరట. పడుకోవడానికి దుప్పట్లు కూడా మనవే ఉంటే మంచిది. సముద్రమున్న ఊరికి కొల్లేరు చేప తీసుకెళ్ళడం మనవారికి ఒక సరదా. తీసుకెళ్ళండి, కాని ఐసు వేసి గట్టిగా మూత పెట్టండి. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారిని మస్జిదుకు రావద్దన్నది తోటివారికి ఆ వాసన బాధ కలిగిస్తుందనే కదా. పెట్టెలో నీళ్ళు కారుతున్న చేపలబుట్టకు కూడా ఆ నియమం వర్తించదని ఎలా అనగలం?

స్తోమత ఉన్నవారు లాడ్జిలో దిగి, బంధువుల ఇంటికి ఒక పూట భోజనానికి వెళ్ళి రావచ్చు. బంధుత్వం తెగిపోదు. ఎవరింటికి వెళ్ళినా ఎన్ని రోజులుంటామో ముందే చెప్పండి, తిరుగు టిక్కెట్టు వెళ్ళే టిక్కెట్టుతోపాటే కొనండి. అది చేతిలో ఉంటే "ఇంకో రెండు రోజులు" అన్న మాటకు రెండువైపులా ఇబ్బంది ఉండదు. అప్పు చేసి మాత్రం విహారయాత్ర వద్దు. ఇవ్వవలసిన బాకీ గడువు దాటి ఉంటే ముందు అది తీర్చండి.

కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్లు వస్తుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటి నగరాన్ని అతలాకుతలం చేసింది. హెచ్చరిక వెలువడ్డాక కూడా టిక్కెట్టు డబ్బులు పోతాయని బయలుదేరడం వివేకం కాదు.

ఇక నమాజు సంగతి. ప్రయాణంలో నమాజును కుదించుకునే వెసులుబాటు నిసా సూరా 101వ ఆయతులో ఉంది. జొహర్, అసర్, ఇషా నాలుగు రకాతులకు బదులు రెండేసి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. హనఫీ పండితులు దీనికి 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల దూరం చెప్పారు. ఇక్కడ మనవారు పొరబడే చోటు ఒకటుంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు. మార్కెట్టు పనిమీద అక్కడిదాకా వెళ్ళి వచ్చే వ్యక్తి పూర్తి నమాజే చెయ్యాలి. కాని విశాఖకని బయలుదేరిన వ్యక్తి అదే తాడేపల్లిగూడెంలో ఆగితే కుదించి చేస్తాడు. ఎందుకంటే అతని గమ్యం దాదాపు 290 కిలోమీటర్ల దూరంలో ఉంది. లెక్క గమ్యాన్ని బట్టి, ఆగిన చోటును బట్టి కాదు. 2022లో జిల్లాలు విడిపోయి ఏలూరు ఒక జిల్లాలో, తాడేపల్లిగూడెం ఇంకో జిల్లాలో పడ్డాయి. జిల్లా దాటాం కాబట్టి ముసాఫిర్లమే కదా అని ఒక పెద్దాయన అడిగారు. ఈ లెక్కకు జిల్లా సరిహద్దుతో సంబంధం లేదు. అలాగే సొంత ఊరి ఇళ్ళు దాటేవరకు కుదింపు మొదలవదు. ఏలూరు స్టేషన్ ఊళ్ళోనే ఉంది గనుక ఏలూరువారు ప్లాట్‌ఫారం మీద చేస్తే పూర్తిగానే చెయ్యాలి.

విశాఖలో 15 రోజులకు తక్కువ ఉండే ఉద్దేశమైతే అక్కడ కూడా కుదింపే. ఇతర మజ్‌హబుల్లో ఈ గడువు నాలుగు రోజులు. స్థానిక ఇమాము వెనుక చేస్తే మాత్రం ఆయనతోపాటు నాలుగు రకాతులూ పూర్తి చెయ్యాలి.

రైల్లో ఖిబ్లా గురించి తికమకపడనవసరం లేదు. మన ప్రాంతానికి ఖిబ్లా పడమర, కొంచెం ఉత్తరానికి వాలి ఉంటుంది. విశాఖ వెళ్ళే రైలు తూర్పు, ఈశాన్య దిక్కులుగా సాగుతుంది. కాబట్టి వెళ్ళేటప్పుడు ఖిబ్లా మనకు వెనుక ఎడమవైపు, తిరిగి వచ్చేటప్పుడు ముందు కుడివైపు. వుజూకు ఒక సీసా నీళ్ళు వేరుగా ఉంచుకోండి, రైల్లో నీళ్ళు అయిపోవడం కొత్తేమీ కాదు. ఒక పలుచని జానమాజ్ పై సంచీలోనే పెట్టండి, అడుగున కాదు. మన ఊరు తివాచీలకు పేరుపడ్డ ఊరు. అయినా ప్రయాణంలో మూరెడు మందం తివాచీ పనికిరాదు! విశాఖ సముద్రతీరాన నమాజు చేస్తే సముద్రం మన వీపు వైపు ఉంటుంది. పిల్లలు అలల దగ్గర ఉంటే అందరూ ఒకేసారి నమాజుకు నిలబడకండి. ఒకరు కాపలా ఉండి, తర్వాత తమ నమాజు చేసుకోవాలి.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. రామకృష్ణా బీచి, రుషికొండ, యారాడ, భీమిలి తీరాల్లో స్నానానికి దిగినవారు మునిగి చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. కొల్లేరు గ్రామాల పిల్లలకు నీళ్ళంటే భయం ఉండదు. దోనె మీద పెరిగినవాళ్ళు, ఈత వచ్చినవాళ్ళు. ఆ ధైర్యమే వారికి ప్రమాదం. కొల్లేరు లోతు తక్కువ, నిలకడైన మంచినీటి సరస్సు. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన నీరు ఒకచోట పాయగా కూడి వేగంగా లోపలికి లాక్కుపోతుంది. మోకాలిలోతులో నిలబడ్డ మనిషి కాళ్ళకింద ఇసుక జారిపోతుంది. అలాంటి పాయలో చిక్కుకుంటే ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. బురఖా, చీర తడిస్తే బరువెక్కి కదలనివ్వవు, కాబట్టి స్త్రీలు చీలమండలు దాటి దిగకపోవడమే మేలు. చేజేతులా నాశనంలో పడవద్దని బఖరా సూరా 195వ ఆయతులో హెచ్చరిక ఉంది. అక్కడి జాలర్లు, కాపలాదారులు వద్దన్న చోట దిగకండి. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని నాయకుడిగా ఎన్నుకోమన్నారు ప్రవక్త (స) (అబూదావూద్). నీళ్ళ దగ్గర ఆ ఒక్కరి మాట అందరూ వినాలి, మేనమామలైనా సరే.

పని పూర్తవగానే త్వరగా ఇంటికి తిరిగి రమ్మని ఆదేశం (బుఖారీ, ముస్లిం). వచ్చేముందు ఇంట్లో ఉన్నవారికి కబురు చెయ్యాలి. ప్రవక్త (స) ప్రయాణం నుంచి తిరిగి రాగానే ముందుగా మస్జిదుకు వెళ్ళి రెండు రకాతుల నమాజు చేసేవారు. ఆ సున్నతు మన ఊళ్ళలో దాదాపు మరుగునపడింది. స్టేషన్ దగ్గరి మస్జిదులో అయిదు నిమిషాల పని.

ఇంటికి చేరాక సంచీలు విప్పేటప్పుడు ఒకసారి చూడండి. దారిలో తినడానికని ఆ ఇల్లాలు పులిహోర పెట్టి ఇచ్చిన టిఫిన్ క్యారియరు, చలేస్తుందని పిల్లవాడికి కప్పిన దుప్పటి మన సామానులో కలిసి వచ్చి ఉంటాయి. అవి ఆమె అమానతు. కడిగి, ఉతికి, విశాఖ వెళ్ళే తర్వాతి మనిషి చేతికి ఇచ్చి పంపండి. క్యారియరు ఖాళీగా పంపకండి.