‘ముగ్గురు’ అంటే క్రైస్తవ పండితుల ఉద్దేశం ఏమిటి?

ఇరుగుపొరుగు క్రైస్తవులతో ధర్మ విషయాలు మాట్లాడేటప్పుడు మనలో చాలామంది “మీరు ముగ్గురు దేవుళ్ళను పూజిస్తారు కదా” అని మొదలుపెడతారు. “లేదు, మా త్రియేక దేవుడు ఒక్కడే” అని వారు నొచ్చుకుంటారు. మాట అక్కడితో ఆగిపోతుంది. గ్రంథప్రజలతో ఉత్తమ రీతిలో తప్ప వాదించరాదని దివ్యఖుర్ఆన్ (29:46) ఆదేశిస్తున్నది. ఎదుటివారు ఏమంటున్నారో తెలియకుండా అది ఎలా సాధ్యం?

తమ విశ్వాసాలను ఒకదానితో ఒకటి పొందించి వివరించే విద్యను వారు క్రమబద్ధ వేదాంతం అంటారు. త్రిత్వ సిద్ధాంతం అందులో ముఖ్యమైనది. క్రీ.శ. 325లో నికేయాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభల కాలంలో అది స్థిరపడింది. దైవత్వం ఒక్కటే, వ్యక్తులు ముగ్గురు అన్నది దాని సారాంశం.

చిక్కంతా ఆ ‘వ్యక్తి’ అనే మాటలోనే ఉంది. ఈ సంగతి వారి పండితులే ఒప్పుకున్నారు. 1932 నుండి సంపుటాలుగా వెలువడిన ‘చర్చ్ డాగ్మాటిక్స్’లో స్విట్జర్లాండ్ పండితుడు కార్ల్ బార్త్ ఆ మాటను పక్కనపెట్టి, ‘ఉనికి రీతి’ అనే మాట వాడాడు. నేటి వాడుకలో వ్యక్తి అంటే వేరే మనసు, వేరే సంకల్పం గలవాడనే అర్థం వస్తుంది. అలాగైతే ముగ్గురు దేవుళ్ళని చెప్పినట్లే కదా! జర్మన్ కేథలిక్ పండితుడు కార్ల్ రానర్ కూడా ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు. అంతేకాదు, త్రిత్వ సిద్ధాంతాన్ని తీసేసినా తమ ధార్మిక సాహిత్యంలో అధికభాగం దాదాపు మారకుండానే ఉంటుందని అన్నాడు. ఇది బయటివారి ఆక్షేపణ కాదు, లోపలి మనిషి మాట. యుర్గెన్ మోల్ట్‌మన్ 1980లో వీరిద్దరినీ ఖండించాడు. ముగ్గురి పరస్పర సహవాసమే దైవ ఏకత్వమని అతని వాదన. అతను ముగ్గురు దేవుళ్ళ వైపు జారిపోయాడని మరికొందరు క్రైస్తవ పండితులు విమర్శించారు.

అల్లాహ్ గుణాల గురించి మన కలాం పండితులు కూడా సుదీర్ఘంగా చర్చించారు. కాని ఏ గుణాన్నీ విడిగా ఆరాధించమని ఎవరూ చెప్పలేదు, ఏ గుణమూ మానవరూపం దాల్చిందనలేదు. అసలు భేదం లెక్కలో కాదు, ఇక్కడ ఉంది. ‘మూడు’ అనడం మానుకోమని చెప్పే ఆయత్ (4:171) కూడా ఈసా (అలైహిస్సలాం) అల్లాహ్ ప్రవక్త అని, అల్లాహ్‌కు సంతానం ఉండదని స్పష్టం చేస్తుంది.

కనుక ఈసారి పొరుగింటివారితో సంభాషణను మార్కు సువార్త 12వ అధ్యాయంతో మొదలుపెట్టండి. అన్నిటికన్నా ప్రధానమైన ఆజ్ఞ ఏదని అడిగినప్పుడు, ప్రభువు ఒక్కడే అన్న మాటతో ఈసా (అలైహిస్సలాం) తన సమాధానం ప్రారంభించినట్లు అందులో ఉంది. ఆ మాటను వారెలా అర్థం చేసుకుంటారో అడగండి, వారు చెప్పేది చివరిదాకా వినండి.