ముందు మిరపతోట గురించి చెప్పనివ్వండి

2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్‌తో హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ అయిపోతుంటే వందలాది మంది సొంతూళ్లకు బయల్దేరి జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. చేతిలో పాసులున్నా రాష్ట్ర సరిహద్దు దాటడం కుదరలేదు. ఎక్కడి నుంచి వస్తున్నారో, ఎక్కడికి వెళ్లాలో, ఒంట్లో ఎలా ఉందో ఎదురుగా నిలబడ్డ అధికారికి రెండు నిమిషాల్లో తేటగా చెప్పుకోవాల్సిన పరిస్థితి. చెప్పగానే దారి వదిలేస్తారని కాదు. కానీ మాట అవసరమయ్యేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. మనం మాత్రం మాట్లాడటమంటే వేదిక, మైకు, ఆగస్టు పదిహేను అనే పిల్లలకు నేర్పాం.

జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల హైస్కూళ్లలో చదివే పిల్లలకు, వాళ్ల మాస్టార్లకు ఈ నాలుగు మాటలు. మార్కులు తెచ్చుకోవడంలో మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. లేచి నిలబడి చెప్పమంటేనే గొంతు పెగలదు. చాలామందికి ఉద్యోగం చేజారేది అక్కడే.

పక్కనే ఉన్న ఉదాహరణ తీసుకుందాం. గరికపాడులో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్త పరిశోధన చేస్తే సరిపోదు. పత్తి రైతునీ మిరప రైతునీ కూర్చోబెట్టి, ఏ మందు ఎందుకు వద్దో ఒప్పించాలి. వ్యవసాయ డిగ్రీ చదివేవాళ్లను చివరి ఏడాదిలో పల్లెలకు పంపి రైతులతో కలిసి పని చేయించేది కూడా అందుకే. ఉద్యోగం వచ్చాకే కాదు, రావడానికీ మాటే కావాలి. సైన్యంలో ఆఫీసరు కావాలంటే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఎంపికలో ఒక కార్డు చేతికిస్తారు. దాని మీద నాలుగు అంశాలుంటాయి. ఒకటి ఎంచుకుని, మూడు నిమిషాల్లో సిద్ధమై, మూడు నిమిషాలు తోటి అభ్యర్థుల ముందు మాట్లాడాలి. ఇంటర్ తర్వాత ఎన్డీఏకు వెళ్లే కుర్రాడికీ ఇది తప్పదు. సివిల్ సర్వీసుల్లో మొత్తం 2025 మార్కులైతే 275 మౌఖిక పరీక్షవే. లాయరుకూ, నర్సుకూ, బ్యాంకు కౌంటరులో కూర్చునేవాళ్లకూ రోజంతా మాటతోనే పని.

ఇంత అవసరమైన విద్య మన బడుల్లో ఎలా సాగుతోంది? వక్తృత్వపు పోటీ ప్రకటిస్తారు. మాస్టారో, ఇంట్లో అక్కో ఒకటిన్నర పేజీ రాసిస్తారు. పిల్ల బట్టీ పడుతుంది. ‘వేదికనలంకరించిన పెద్దలకు’ దగ్గర మొదలుపెట్టి నమస్కారాలు పూర్తయ్యేసరికి అరనిమిషం గడిచిపోతుంది. మధ్యలో ఒక్క వాక్యం మరిచిపోతే మొత్తం కూలిపోతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఎనిమిదో తరగతిలో నాకూ అదే జరిగింది. ఆ తర్వాత నాలుగేళ్లు స్టేజీ ఎక్కలేదు. నాకు భయం ఎక్కువని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అది నా మాట కాదు కాబట్టే మరిచిపోయానని చాలా ఆలస్యంగా అర్థమైంది.

అందుకే తరగతిలో మొదటి ఉపన్యాసం దేశభక్తి మీదా, పర్యావరణం మీదా వద్దు. వాళ్లకు మనకంటే బాగా తెలిసినదాని మీద పెట్టండి. 2021-22 సీజనులో నల్ల తామర పురుగు మిరపతోటల్ని ఎలా ఊడ్చేసిందో ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు అనుభవమే. పూతలో చేరి రసం పీల్చిన ఆ పురుగు గురించీ, చేలో కట్టిన నీలిరంగు జిగురు అట్టల గురించీ, ఆ ఏడు ఇంట్లో ఆగిపోయిన ఖర్చుల గురించీ చెప్పమంటే ఏ పిల్లాడికీ కాగితం అక్కర్లేదు. తెలిసిన సంగతి చెప్పేటప్పుడు చేతులు వాటంతటవే కదులుతాయి, చూపు ఎదుటివాళ్ల మీదికి వెళుతుంది. హావభావాలకు వేరే పాఠం పెట్టనక్కర్లేదు.

పద్ధతి పెద్దదేమీ కాదు. మొదటి వారం ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒక్కో నిమిషం మాట్లాడుకుంటారు. తరగతంతా ఒకేసారి మాట్లాడుతుంది కాబట్టి ఎవరి తడబాటూ ఎవరికీ వినపడదు. తర్వాత నలుగురి ముందు, ఆపైన తరగతి ముందు. కాగితం మీద వాక్యాలు రాయకూడదు, నాలుగు మాటలు గుర్తుగా రాసుకోవచ్చు. ఒకరు గడియారం చూస్తారు. ఇంకొకరు ‘అంటే’, ‘మరి’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడతారు. 1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఈనాటికీ జరిగేది దాదాపు ఇదే. విన్నవాళ్లు ముందు బాగున్నదేమిటో చెప్పాలి, తర్వాత దిద్దుకోవాల్సినది ఒక్కటే చెప్పాలి. నవ్వితే మాత్రం మాస్టారు అక్కడికక్కడే ఆపాలి. ఒక్క నవ్వు ఒక ఆడపిల్ల నోటిని పదేళ్లు మూయించగలదు.

మనకు ఇంకో మంచి నమూనా ఉంది. బుర్రకథ. నాజర్ గారి పేరు విన్నారా? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్. బుర్రకథలో కథకుడొక్కడే గంటల తరబడి చెప్పుకుపోడు. అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. హాస్య వంత మామూలు మనిషికి వచ్చే సందేహం అడుగుతాడు, రాజకీయ వంత కథను ఇవాళ్టి లోకానికి ముడిపెడతాడు. తరగతిలో ముగ్గురేసి పిల్లల్ని ఇలా నిలబెట్టి చూడండి. ఒకరు మిరప ధర గురించి చెబుతుంటే, ఒకరు ‘అదెట్లా?’ అని అడ్డుపడాలి, ఒకరు మార్కెట్ సంగతి అందుకోవాలి. అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం అలవాటవుతుంది. ఇంటర్వ్యూలో కావలసింది అదే. వినడం కూడా అలవాటవుతుంది, వంత ఒక్క క్షణం పరధ్యానంగా ఉంటే కథ ఆగిపోతుంది కదా.

ఇక ఇంగ్లిష్. 2022లో కాకినాడ జిల్లా బెండపూడి జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు తడుముకోకుండా ఇంగ్లిష్ మాట్లాడి రాష్ట్రమంతటినీ తమవైపు తిప్పుకున్నారు. ప్రభుత్వ బడిలో అది సాధ్యమని రుజువు చేశారు. ఇక్కడా కావాలి. కానీ తెలుగులో మూడు నిమిషాలు వరుస తప్పకుండా చెప్పలేనివాళ్లకు ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పితే పలకరింపులు వస్తాయి, వాదన రాదు. ఆలోచనను పేర్చడం ముందు సొంత భాషలో పట్టుబడాలి. పక్కనున్న పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు శాస్త్రాలను, చరిత్రను తెలుగులోకి తేవడానికి జీవితం ధారపోశారు. ఆ నేల మీద పెరిగిన పిల్లలు తమకు తెలిసినది తెలుగులో చెప్పడానికి సిగ్గుపడకూడదు. తొమ్మిదిలో తెలుగు పట్టుబడ్డాక అదే మిరపతోట కథను పదిలో ఇంగ్లిష్‌లో చెప్పించండి. సంగతి పాతదే కాబట్టి భాష మీదే మనసు పెట్టగలుగుతారు.

ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. వారానికి ఒక్క పీరియడు ఇవ్వండి. పోటీలకు ఎప్పుడూ పంపే ఆ ఇద్దరినే కాకుండా, హాజరు పట్టీలో ఉన్న ప్రతి పేరుకూ వంతు వచ్చేలా చూడండి.

విద్యార్థులూ, మీ బడిలో రేపు ప్రార్థన సమయంలో వార్తలు చదివేది ఎవరో కనుక్కోండి. వచ్చే వారం ఆ వంతు మీకివ్వమని మాస్టారిని అడగండి.