అమెరికా వలస చట్టాలు: 1882 నుంచి హెచ్-1బి దాకా

వలసదారుల దేశంగా పేరున్న అమెరికాలో ఎవరిని రానివ్వాలన్నది ఎప్పుడూ వివాదమే.

ముఖ్య ఘట్టాలు
- 1882: చైనా కార్మికుల రాకపై నిషేధం. 1943లో రద్దు.
- 1892: న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలాండ్ వలసదారుల తనిఖీ కేంద్రం ప్రారంభం (1954లో మూత). జబ్బు అనుమానం ఉన్నవారి కోటుపై వైద్యులు సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. గుండెకు 'హెచ్', కళ్లకు 'ఇ'.
- 1923: భగత్‌సింగ్ థింద్ కేసు. భారతీయులు పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు తీర్పు.
- 1924: జాతీయ మూలాల ఆధారంగా దేశాలవారీ కోటాలు.
- 1946: లూస్-సెల్లర్ చట్టం. భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏటా 100 మందికి ప్రవేశం.
- 1965: హార్ట్-సెల్లర్ చట్టం. పాత కోటాలు రద్దు, కుటుంబ బంధాలకు, నైపుణ్యాలకు ప్రాధాన్యం.

పదాలు
- గ్రీన్‌కార్డు: శాశ్వత నివాస అనుమతి.
- హెచ్-1బి: నిపుణులకిచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా. వార్షిక పరిమితి 65,000. అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20,000.

చర్చ
కుటుంబ, ఉద్యోగ కేటగిరీల గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది. దీంతో తెలుగువారితో సహా భారతీయ ఐటీ ఉద్యోగులు ఏళ్ల తరబడి వరుసలో ఉంటున్నారు. పరిమితి ఎత్తేయాలని వీరు కోరుతుంటే, చిన్న దేశాలవారి అవకాశాలు దెబ్బతింటాయన్నది ఎదుటివారి వాదన.

మాదిరి ప్రశ్న
జాతీయ మూలాల కోటాను రద్దు చేసిన చట్టం ఏ ఏడాదిది?
ఎ) 1924 బి) 1946 సి) 1965 డి) 1990
జవాబు: సి