మంచుకొండలలో ఒంటరివాడు

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున మూడు పెద్ద కొలుములు కలవు. బ్లాస్టు ఫర్నేసులని పిలువబడు వీనికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మన పేరులే పెట్టిరి. ఇనుపఖనిజము, కోకుబొగ్గు, సున్నపురాయి వాని గర్భమున ఉడికి, సుమారు 1,500 డిగ్రీల వేడిమిగల ద్రవలోహము వాగువలె వెలికి ప్రవహించును. నేపాళదేశమున అన్నపూర్ణ యను పేరుగలది మఱియొకటి యున్నది. అది 8,091 మీటర్ల ఎత్తుగల హిమశిఖరము. 1950లో ఫ్రెంచివారు మొట్టమొదట దాని నెక్కిరి. పేరు ఒక్కటియే, ఒకటి నిప్పునకు నెలవు, మఱియొకటి మంచునకు నెలవు. కొలిమి వెలుగును రాత్రివేళ ఆకాశమున చూచుచు పెరిగిన విశాఖ బాలురలో, ఆ రెండవ అన్నపూర్ణ వంటి దానిని కంటితో చూచినవారు బహు కొలదిమంది.

అసలు మన భాషలో 'మంచు' అను మాట చాల బరువు మోయుచున్నది. వేకువను గడ్డిపోచపై నిలిచిన నీటిబొట్టు మంచే. చలికాలమున రేవులోని ఓడలను కనబడనీయక కప్పు తెర పొగమంచు. చేపల బుట్టలలో పోయునది మంచుగడ్డ. హిమాలయముపై దూదిరేకులవలె రాలునదియు మంచే. సంస్కృతమున తుహినము, నీహారము, ప్రాలేయము, హిమము అని పెక్కు పేరులు కలవు. గుట్టగా పేరుకొన్న మంచునకు 'హిమాని' యని ప్రత్యేక నామమే యున్నది. తెలుగువాడు హిమము కురియు సీమలో పుట్టలేదు గనుక అతనికి ఇన్ని మాటలతో పనిలేకపోయినది. చలికాలమున జనులు గుంపులు గుంపులుగా తెల్లవారకముందే లంబసింగికి పోవుచుందురు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్న ఆ గ్రామమున, కొన్ని వేకువలయందు చలి సున్న డిగ్రీలకు చేరువగును. అచట కనబడునది పొగమంచు. ఒక్కొక్కప్పుడు గడ్డిపై నూగువలె పట్టు తెల్లని మంచు. ఆకాశమునుండి రాలు హిమము కాదు.

హిమమును చూడగోరువారు ఉత్తరమునకు పోవలెను. కాశ్మీరమున గుల్మార్గు, ఉత్తరాఖండమున జోషీమఠమునకు పైనున్న ఔలీ, ఇందుకు ప్రసిద్ధములు. గుల్మార్గు సుమారు 2,650 మీటర్ల ఎత్తుననున్న పచ్చిక మైదానము. చలికాలమున అది తెల్లని మైదానమగును. తీగపై నడచు పెట్టెలలో కూర్చుండి అంతకంటె చాల ఎత్తైన అఫర్వట్టు కొండ భుజము వఱకు పోవచ్చును. అచటనుండి క్రిందికి దిగుటయే వేడుక. కొందఱు రెండు కాళ్ళకు రెండు సన్నని పలకలు కట్టుకొని జారుదురు, అది స్కీయింగు. మఱికొందఱు రెండు పాదములను ఒకే వెడల్పాటి పలకపై అడ్డముగా బిగించుకొని, తెప్పపై నిలిచిన జాలరివలె ఒడలు వంచుచు జారుదురు, అది స్నోబోర్డింగు. ఈ రెండవది పుట్టి ఎంతో కాలము కాలేదు. 1965 క్రిస్మసు నాడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను నాతడు, తన కుమార్తె ఆటకై రెండు స్కీ పలకలను ఒకటిగా బిగించెను. ఆ ఆటవస్తువు పెరిగి పెద్దదై, 1998లో జపానులోని నగానోలో జరిగిన ఒలింపిక్సున పందెమయ్యెను.

ఇప్పుడు మన విశాఖ యువకులును సెలవులు దొరికినప్పుడు మంచుకొండలకు బయలుదేరుచున్నారు. అందు కొందఱికి ఒంటరిగా పోవలెనను కోరిక కలుగుచున్నది. ఒకరి కొఱకు ఆగనక్కఱలేదు. ఒకరితో వాదులాట లేదు. నిశ్శబ్దములో కొండను తానొక్కడే చూచుకొనవచ్చును. ఈ కోరిక తప్పు కాదు, క్రొత్తదియు కాదు. పెద్దన మనుచరిత్రలో ప్రవరాఖ్యుడు చేసినది ఇదియే గదా! అరుణాస్పదపురమును ఎన్నడును విడువని ఆ గృహస్థు, సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూసికొని, ఇంట ఒక్కమాటైనను చెప్పక హిమవత్పర్వతమునకు పోయెను. చూడవలసిన వింతలన్నియు చూచెను. తిరిగి పోవుద మనుకొను వేళకు ఎండవేడిమికి కరగిన మంచునీట ఆ పసరు కాస్తయు కడుగుకొని పోయినది. వరూధిని ప్రసంగము అందఱకు తెలిసినదే. కాని ఆ కథలోని ఈ చిన్న సంగతి తగినంత గమనింపబడుట లేదు. అతని కున్నది ఒకే సాధనము. అది చెడినది. త్రోవ చెప్పువాడు లేడు. ఇంటికి చేర్చుటకు అగ్నిదేవుడే రావలసి వచ్చినది.

మంచుకొండపై ఆపదలు ఎట్లు వచ్చునో తెలిసికొన్నచో, తోడు విలువ స్పష్టమగును. ఒకసారి కురిసిన హిమముపై మఱియొకసారి కురియును. పొరపై పొర పేరుకొనును. రెండు పొరలనడుమ పట్టు సడలినచో, మనిషి బరువు మాత్రముచేతనే పైపొర యంతయు పగిలి క్రిందికి దూకును. దీనిని హిమపాతమందురు. అందు పూడుకొనిపోయినవానిని మొదటి పదిహేను నిమిషములలో వెలికి తీసినచో బ్రదుకుటకు ఆశ మెండు. అరగంట దాటిన పిమ్మట ఆ ఆశ మిగుల సన్నగిల్లును. పట్టణమునుండి సహాయము వచ్చుట అంతలో జరుగు పనియా? చెంతనున్న తోడివాడే త్రవ్వి తీయవలెను. ఇందుకై మంచునందు తిరుగువారు ఒంటికి చిన్న యంత్రము కట్టుకొందురు. మంచు క్రిందనుండియు అది సంకేతములు పంపును. కాని ఆ సంకేతములను వినుటకు మఱియొకని చేత అట్టి యంత్రమే ఉండవలెను. ఒంటరివాని యంత్రము ఎవరును లేని యింట మ్రోగు గంట వంటిది.

ఇంతకంటె మోసకరమైన దొకటి యున్నది. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. 5,500 మీటర్ల చెంత వాయుపీడనము సముద్రతీరమున నున్నదానిలో సగము మాత్రమే; ఎవరెస్టు కొనయందు మూడింట నొకవంతు. మెదడునకు ప్రాణవాయువు చాలక, చలికి ఒడలు మొద్దుబారి, మనిషి తప్పుడు నిర్ణయములు చేయసాగును. మాట తడబడును, అడుగు తూలును. విచిత్రమేమన, తనకు బుద్ధి మందగించినదని ఆ బుద్ధికే తెలియదు. ప్రక్కనున్నవానికి మాత్రమే తెలియును. ఉక్కు కర్మాగారమున పనిచేయువారికి ఈ సంగతి వేఱొక రూపమున సుపరిచితము. కొలిమినుండి వెలువడు వాయువులో కార్బన్ మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాని రక్తము ప్రాణవాయువును మోయలేకపోవును. తనకేదో అగుచున్నదని గ్రహించులోపలనే అతడు కూలును. అందుచే అట్టి వాయువు ఉండదగు చోటులకు ఎంత అనుభవశాలినైనను ఒంటరిగా పంపరాదను నియమ మేర్పడినది. పని నేర్చినవానికి ఈ నియమము అవమానము కాదు.

అట్లని ఒంటరిగా కొండలెక్కి తిరిగివచ్చినవారు లేకపోలేదు. ఇందు ఇద్దఱి కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడదగును. మారిస్ విల్సన్ అను ఆంగ్లేయుడు మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడు. పర్వతారోహణమున అతనికి పరిచయమే లేదు. అయినను దృఢసంకల్పముచే ఎవరెస్టు నెక్కుదునని, 1933లో చిన్న విమానమును తానే నడుపుకొని ఇంగ్లండునుండి హిందూదేశమునకు వచ్చెను. మరుసటి యేడు మారువేషమున టిబెట్టు చొచ్చి, కొండపై ఒంటరిగా ప్రయత్నించి మరణించెను. 1935లో అటు పోయినవారికి అతని దేహమును, దినచర్య పుస్తకమును దొరకినవి. రైనోల్డ్ మెస్నరు అను నాతడు 1980 ఆగస్టు 20న అదే ఉత్తరపు వైపునుండి, ప్రాణవాయువు సీసాలు లేకుండ, ఒంటరిగా ఎవరెస్టు శిఖరము చేరెను. అతడు చిన్ననాటనుండియు కొండలలో పెరిగినవాడు. 1978లోనే ఒక తోడుతో అదే శిఖరమును ప్రాణవాయువు సీసా లేకుండ ఎక్కియుండెను. అంతటివాడును ఆ యాత్ర మొదటినాటి చీకటిలో మంచుపగులులో పడి, అదృష్టవశమున బయటపడెను. క్రింది శిబిరమున అతని కొఱకు ఒక సహచరి వేచియుండెను. లోకము ఒంటరి యాత్ర యని పొగడుదానిలో కూడ క్రింద ఎదురుచూచువారు ఒకరుండిరి.

మన తెలుగునాట ఈ త్రోవ త్రొక్కినవాడు మల్లి మస్తాన్‌బాబు. అతడు 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా సంగం మండలములోని గాంధీజనసంగము అను పల్లెలో సామాన్య కుటుంబమున జన్మించెను. చదువులో చురుకైనవాడగుటచే విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాలలో చేరెను. 1962లో స్థాపింపబడిన ఈ పాఠశాల విశాఖపట్టణమునకు ఎంతయో దూరము కాదు. ఆ పాఠశాల పూర్వవిద్యార్థి, లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు, 1985లో భారత సైన్యము ఎవరెస్టుపైకి పంపిన దళములో వెళ్ళి మరణించెను. ఆ యాత్రలో ప్రాణములు కోల్పోయిన అధికారులు ఐదుగురు. తోడు ఉన్నంతమాత్రమున కొండ కనికరించునని అనుకొనరాదు. ఈ మరణవార్త పిల్లలను భయపెట్టవలసినది. కాని ఆ పాఠశాలలో చదువుచున్న మస్తాన్‌బాబుకు అదియే ప్రేరణ యయ్యెను. బాలుర మనస్సు ఏ విత్తనమునుండి ఏ మొలక నెత్తునో ముందుగా చెప్పగలవారు లేరు.

అతడు జంషెడ్‌పూరులో ఇంజనీరింగు, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో పైచదువు, కలకత్తా ఐ.ఐ.ఎం.లో నిర్వహణశాస్త్రము చదివెను. నడుమ కొన్నాళ్ళు సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేసెను. ఆ దారిని పోయియుండినచో సుఖజీవనమునకు లోటుండెడిది కాదు. అతడు కొండదారి పట్టెను.

2006లో అతడు చేసిన పని లోకమును ఆశ్చర్యపఱచినది. ఏడు ఖండములలోని ఏడు ఉన్నత శిఖరములను 172 దినములలో ఎక్కెను. జనవరి 19, గురువారము, అంటార్కిటికాలోని విన్సన్. ఫిబ్రవరి 10, శుక్రవారము, దక్షిణ అమెరికాలోని అకొంకాగువా. మార్చి 15, బుధవారము, ఆఫ్రికాలోని కిలిమంజారో. ఏప్రిల్ 1, శనివారము, ఆస్ట్రేలియాలోని కాషియస్కో. మే 21, ఆదివారము, ఎవరెస్టు. జూన్ 13, మంగళవారము, రష్యాలోని ఎల్‌బ్రస్. జులై 10, సోమవారము, అలాస్కాలోని డెనాలి. వారమునందలి ఏడు దినములును ఏడు శిఖరములకు సరిగా పంచుకొనుట చూడుడు! వీనిలో కాషియస్కో 2,228 మీటర్లు మాత్రమే; తక్కిన ఆఱింటి ముందు దానిని గట్టు అనినను చెల్లును. కాని అంటార్కిటికా చలినుండి భూమధ్యరేఖ చెంతకు, అటనుండి ఎవరెస్టునకు, విరామము లేక తిరిగిన దేహము ఎట్టిదో ఊహింపవలెను.

ఆ పిమ్మట దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములు అతనికి రెండవ యిల్లువలె అయినవి. అచట పెక్కు శిఖరములు 6,000 మీటర్లు మించినవి. 2015 మార్చిలో అతడు చిలీ, అర్జెంటీనా దేశముల సరిహద్దున నున్న ట్రెస్ క్రూసెస్ పర్వతము నెక్కగోరెను. స్పానిషు భాషలో ఆ పేరునకు 'మూడు శిలువలు' అని అర్థము. దాని దక్షిణ శిఖరము ఎత్తు 6,700 మీటర్లకు పైబడినది. ఈసారి అతడు ఒంటరిగా బయలుదేరెను. వయస్సు నలువది యేండ్లు. అనుభవము కొఱవడలేదు, బలము కొఱవడలేదు.

మార్చి 24 తరువాత అతనినుండి వార్త లేదు. సరిగా ఆ దినములలోనే చిలీ ఉత్తరభాగమున, సాధారణముగా చినుకు రాలని అటకామా ఎడారి సీమలో, అకాలపు గాలివాన విజృంభించినది. లోయలలో వరదలు వచ్చి ఊళ్ళు మునిగినవి. ఎత్తైన కొండలపై అదియే మంచుతుపాను. ఆ వాన రాకను పసిగట్టి వెనుదిరుగుదమా, ముందునకు పోవుదమా యని అతడు ఎవరితోనైన ఆలోచించుటకు వీలుండెనా? శిఖరముపై అతడేమి తలపోసెనో, ఎంతసేపు పోరాడెనో చెప్పుటకు సాక్షి లేడు. విల్సన్ వలె అతడు పని తెలియక పోయినవాడు కాడు; మెస్నరు వలె నేర్పుగలవాడు. ఆ యిద్దఱి నడుమ గీత ఎంత సన్ననిదో ఇచట తెలియుచున్నది.

అతడు తిరిగిరాలేదని తెలిసిన వెంటనే మిత్రులు కదలిరి. కలసి చదివినవారు, కొండలెక్కిన పరిచితులు, భారతప్రభుత్వమువారు, ఆ రెండు దేశముల అధికారులు వెదకుటకు పూనుకొనిరి. హెలికాప్టర్లు లేచినవి, ప్రతికూల వాతావరణముచే ఆగినవి, మరల లేచినవి. ఒంటరిగా వెళ్ళిన ఒక్కని కొఱకు ఎందఱో అపరిచితులు తమ ప్రాణములను గాలిలో పెట్టి ఆ కొండచుట్టు తిరిగిరి. ఏప్రిల్ మొదటివారమున అతని మృతదేహము కనబడినది. దానిని అంతటి ఎత్తునుండి క్రిందికి దింపుటయే కష్టసాధ్యమైన పనియైనది. ఆండీసు కొండలనుండి నెల్లూరు పల్లెకు చేరుటకు మఱికొన్ని వారములు పట్టినవి.

ఆ నెల చివరివారమున గాంధీజనసంగమునకు నలుదెసలనుండి జనులు వచ్చిరి. మంచు నెన్నడును చూడని ఆ యూరి వారు, వేసవి యెండలో నిలువబడి, మంచుకొండనుండి వచ్చిన తమ బిడ్డను చూచిరి. ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి.