మూగజీవుల చదువు

అనంతపురం పీఠభూమి వానలు కరవైన సీమ. అందలి కదిరి పట్టణము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. దాని చుట్టుప్రక్కల వేరుసెనగ చేలు, రాతిగుట్టలు, వాని నడుమ గొఱ్ఱెల మందలు కానవచ్చును. ప్రొద్దెక్కగనే కాపరి మందను బీళ్లకు తోలును. పాలు మానని పిల్ల తల్లి నంటి నడచుచు, దాని మూతిని వాసన చూచి, అది కొఱికిన ఆకునే తానును కొఱుకును. బడి లేదు, పలక లేదు. అయినను దానికి చదువు మొదలైనది.

ఈ చదువు విలువను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అదియు తఱచుగా కరవుల పాలగు దేశమే. పచ్చిక ఎండినప్పుడు అచ్చటి రైతులు గొఱ్ఱెలకు గోధుమలు పెట్టుదురు. కాని గోధుమ నెఱుగని గొఱ్ఱె, గింజలు ముందున్నను ముట్టక ఆకలితో చిక్కిపోవును. తల్లితో కలసి కొలదిదినములు గోధుమ రుచి చూచిన పిల్లలు పాలు మానిన పిదపకూడ ఆ గింజలను సంకోచింపక తినినవి. సుమారు మూడేండ్లు గడచినను మఱవలేదు. తల్లి తోడు లేని పిల్లల కట్టి నేర్పు అబ్బలేదు. ఈ పరిశోధనలు 1983, 1984 సంవత్సరములలో వెలువడినవి.

చదువునకు కన్నొక్కటియే ద్వారము కాదు. కోడి పిలిచి గింజను పొడిచి చూపగా, పిల్లలు చెవితో విని, కంటితో చూచి మేతను గుర్తించును. ఎలుక తోటి ఎలుక ఊపిరిలోని మేత వాసనను మూర్కొని, పిదప ఆ మేతనే కోరును. కెనడా శాస్త్రజ్ఞుడు బెనెట్ గేలెఫ్ 1983లో దీనిని నిరూపించెను.

తేనెటీగ చీకటి తొఱ్ఱలో స్పర్శచే నేర్చును. పూలను కనుగొని వచ్చిన ఈగ పట్టుపై నాట్యమాడగా, తక్కినవి మీసములతో దానిని తాకుచు పూలున్న దిక్కును, దూరమును గ్రహించును. పెద్ద ఈగల నాట్యము ననుసరించు భాగ్యము లేని పిన్న ఈగలు తప్పుగా ఆడుననియు, దూరము తెలుపుటలోని తప్పు వానిని జీవితాంతము విడువదనియు 2023లో వెలువడిన పరిశోధన తెలిపినది.

కరవునాట మేత చాలక కాపరి గొఱ్ఱెలను సంతకు తోలవలసివచ్చును. పండ్లరిగిన ముసలి గొఱ్ఱెలను ముందుగా అమ్ముటయే మేలని తోచవచ్చును. కాని అవి పోయినచో, ఏ పొద మేయదగినది, ఎండిన బీటిలో ఏది తిని బ్రతుకవచ్చును అను తెలివియు వానితోనే పోవును. కనుక ముసలివానిలో నాలుగింటినైనను నిలుపుకొనుట మేలు. పిల్లలకు గురువులు మిగులును.