నూనె, నీరు వేరుచేసే మెంబ్రేన్ పదార్థాలు: మొగుడంపల్లి సాగు నేలలకు అన్వయం

సంగారెడ్డి జిల్లాలోని మొగుడంపల్లి 2016లో జహీరాబాద్ మండలం నుంచి విడివడి ప్రత్యేక మండలంగా ఏర్పడింది. చెరకు, పత్తి, కంది పండే ఈ ప్రాంతంలో ట్రాక్టర్లు కడిగిన నీరు, ఇంజన్ల నుంచి కారిన నూనె పొలంలోకి పారకుండా చూడటం ముఖ్యం. నూనె మట్టి రేణువులను కప్పితే నీరు ఇంకదు, వేళ్లకు గాలి అందదు. నూనెను విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవులు నత్రజనిని వినియోగించుకోవడం వల్ల పైరుకు ఆ పోషకం కొరవడుతుంది. అందుకే 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాలు సాగుకు వదిలే వ్యర్థజలంలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదని నిర్దేశించాయి.

వేర్పాటు విధానం నూనె బిందువు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. 150 మైక్రాన్లకు పైబడిన బిందువులు తొట్టిలో నిలువ ఉంచితే పైకి తేలతాయి. తేలే వేగం బిందువు వ్యాసపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. కావున 15 మైక్రాన్ల బిందువు నూరు రెట్లు నెమ్మదిగా కదులుతుంది. సబ్బు కలిస్తే బిందువులు మరింత చిన్నవై నీరు పాలవలె మారుతుంది. మెంబ్రేన్ అవసరమయ్యేది ఇక్కడే.

మెంబ్రేన్ పనితీరు రంధ్రాల పరిమాణంతో పాటు ఉపరితల స్వభావంపైనా ఆధారపడుతుంది. ఇందుకు పత్తియే నిదర్శనం. ముడి పత్తి పోగుపై సహజమైన మైనం ఉండటం వల్ల అది నీటిని వికర్షించి నూనెను పీల్చుకుంటుంది. మైనం తొలగించిన నూలు గుడ్డ నీటిని ఇష్టపడుతుంది. దానిని ముందుగా తడిపితే నీటిని పోనిచ్చి, విడిగా ఉన్న నూనెను అడ్డగిస్తుంది. అయితే గుడ్డ నేతలోని సందులు పెద్దవి కావున పాలవలె మారిన మిశ్రమానికి అది చాలదు. అందుకు బిందువుల కంటే సన్నని రంధ్రాలున్న పొర కావాలి.

సెల్యులోజ్ అసిటేట్ నీటిని ఇష్టపడే పదార్థమే కాని, గాఢమైన క్షారాలకు తాళదు. పాలీవినైలిడిన్ ఫ్లోరైడ్ దృఢమైనదైనా నీటిని వికర్షిస్తుంది. ఉపరితలాన్ని మార్చకపోతే నూనె అంటుకొని రంధ్రాలు త్వరగా పూడుకుపోతాయి. అల్యూమినా వంటి సిరామిక్ పొరలు వేడికి, క్షారంతో శుభ్రపరచడానికి తట్టుకుంటాయి. అయితే వాటి ధర అధికం.

కావున సబ్బు కలపక ముందే నూనెను తుడిచి తీయడం, తదుపరి తొట్టిలో తేర్చడం, మిగిలిన దానికే మెంబ్రేన్ వాడడం ఉత్తమ క్రమం. ఈ పొరలు నీటిలో కరిగిన లవణాలను తొలగించవు. పరీక్షించిన తరువాతనే ఆ నీటిని పైరుకు పారించాలి. వేరుపడిన నూనెను ఎట్టి పరిస్థితిలోనూ గట్లపై పారబోయరాదు.